బినాయక్ కూర్చునే చోటు

పోయిన పెళ్ళిలో రేశం అనే గుర్రం వెనక కాళ్ళెత్తి తన్నితే నేరమంతా టపాకాయల మీద పడింది. వీపు మీద నుంచి జారిపోయిన పిల్లవాణ్ణి డోలు వాయించేవాడు ఒడిసి పట్టుకోబట్టి బతికిపోయాడు. గుర్రం యజమాని సుమార్ ఖాన్ కూడా ఆ రోజు టపాకాయలనే తిట్టుకున్నాడు. అతని భార్య హుర్మత్ గుర్రానికి మిరపకాయలు దిగదుడిచి నిప్పుల్లో వేసింది. ఇల్లంతా దగ్గింది గానీ గుర్రం మాత్రం మారలేదు.

మారకపోగా ఇంకా ముదిరింది. జీను కనబడితే చాలు, చెవులు వెనక్కి అణిచేది. పొట్ట కింద పట్టీ బిగిస్తుంటే మెడ తిప్పి పళ్ళు చూపించేది. పాలి పట్నంలో సగం పెళ్ళికొడుకుల్ని మోసి, సాధువైన గుర్రమని పేరు తెచ్చుకున్నది ఇలా ఎందుకైందో సుమార్‌కు అంతుబట్టలేదు. పాపం, జీను గట్టిగా తగులుతోందేమోనని కింద ఒక బొంత వేశాడు. అయినా తన్నింది. ఇంకో బొంత వేశాడు.

ఇవాళ సాయంత్రం గేవర్‌చంద్ సేఠ్ కొడుకు పెళ్ళి. పొద్దున్నే రేశాన్ని రుద్దుతుంటే, నడుము దగ్గర బ్రష్షు ఆనగానే చర్మం సన్నగా వణికింది. ఈగ వాలిందనుకున్నాడు. ఈగా లేదు, దోమా లేదు. మళ్ళీ రుద్దాడు. మళ్ళీ వణికింది. పశువుల ఆసుపత్రి డాక్టరమ్మకు ఫోన్ చేశాడు.

"నాతో మాట్లాడటం ఆపి దాని మొహం చూడు చాచా," అంది ఆమె. "వెన్నుకు రెండు పక్కలా బొటనవేళ్ళు పెట్టి, మెడ మొదట్నుంచి తోకదాకా మెల్లగా నొక్కుకుంటూ రా."

ఫోన్ హుర్మత్ చేతికిచ్చి నొక్కాడు. భుజాల వెనక కండ రాయిలా బిగుసుకుపోయి ఉంది. ఇంకా వెనక్కి, జీను అంచు దాటి, బినాయక్ కూర్చునే చోటికి వచ్చాడు. పెళ్ళికొడుకు వెనక ఒక చిన్నపిల్లవాణ్ణి కూర్చోబెడతారు, వాడే బినాయక్. సాక్షాత్తూ గణపతి వెంట ఉన్నట్టే లెక్క. అక్కడ వేలు ఆనిందో లేదో రేశం నడుము కిందికి కుంగిపోయింది. మూలిగింది కూడా. ఇన్నేళ్ళలో దాని గొంతులో ఆ చప్పుడు అతను వినలేదు.

"ఇప్పుడు బొంతల్లేకుండా జీను పెట్టి, కింద చెయ్యి దూర్చు."

"ముందు వైపు దూరట్లేదమ్మా. వెనక అంచేమో నడుములోకి పొడుచుకుంటోంది."

"బొంతలు కూడా వేస్తున్నావా?"

"మెత్తగా ఉంటుందని రెండు..."

"ఇరుకు బూట్లలో ఇంకో జత మేజోళ్ళు తొడుక్కుంటే కాలికి సుఖమా చాచా?" డాక్టరమ్మ గొంతు పెంచింది. "అది మొండితనం కాదు, నొప్పి. వెన్నుపూసలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయేమో ఎక్స్‌రే తీస్తే గానీ తెలీదు. ఎల్లుండి వస్తాను. అందాకా దాని మీద చీమను కూడా ఎక్కించకు. ఈసారి ఎగిరితే ఎవరి ప్రాణం పోతుందో చెప్పలేం."

"అలాగేనమ్మా," అన్నాడు సుమార్.

ఫోన్ పెట్టేశాక హుర్మత్ అతన్నే చూస్తూ నిలబడింది. "సేఠ్‌కు రానని చెప్పెయ్."

"పిచ్చిదానా, ఇంత ముహూర్తాల రద్దీలో ఇప్పటికిప్పుడు ఇంకో గుర్రం ఎక్కణ్ణుంచి వస్తుంది? గుర్రం మీదుండి పెళ్ళికూతురి వాకిట తోరణం తాకందే పెళ్ళికొడుకు గడప దాటతాడా? రేపట్నుంచి ఈ ఊళ్ళో మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నీ మొహం సంగతి సరే, పిల్లాడి తల పగిలితే?"

"పిల్లాణ్ణి ఎక్కించనివ్వను. పెళ్ళికొడుకు ఒక్కడే. బక్కోడు. నాలుగు వీధులేగా!"

"సేఠ్ ముందు నీ నోరు పెగలుతుందా?"

"పెగలకేం!"

పెగల్లేదు. సేఠ్ వాకిట్లో బ్యాండు మోగిపోతోంది, ఆడవాళ్ళు గుర్రానికి శనగపప్పు తినిపిస్తున్నారు, పెళ్ళికొడుకు తల్లి కళ్ళు తుడుచుకుంటోంది. పెళ్ళికొడుకు ఎక్కినప్పుడు రేశం వీపు గట్టిపడింది గానీ ఓర్చుకుంది. సుమార్ "సేఠ్‌జీ, ఒక్క మాట" అనేలోపే ఎవరో మేనమామ, బినాయక్‌గా జరీ తలపాగా పెట్టిన ఆ ఇంటి పిల్లవాడు టీకూని ఎత్తి వెనకాల కూర్చోబెట్టేశాడు. అయిదేళ్ళ వెధవ, కాళ్ళాడిస్తూ ఒకటే నవ్వు.

రేశం తోక కర్రలా బిగిసింది. సుమార్ కళ్ళెం బిగించి పట్టుకున్నాడు. దేవుడా దేవుడా అనుకుంటూ నడిచాడు. అడుగడుగుకీ వెనక్కి చూశాడు. బరువు తప్పించుకోవాలని అది పక్కకు వంకర్లు పోతోంది. జనం అది నాట్యమనుకుని చప్పట్లు కొట్టారు. కొట్టరూ మరి! టీకూ కాళ్ళాడిస్తూ మడమలతో డొక్కలో పొడిచినప్పుడల్లా దాని చెవులు నెత్తికి అతుక్కుపోతున్నాయి. వాడు కింద పడి, ఆ గిట్టలు వాడి మీద పడటం సుమార్ కళ్ళ ముందు కనబడుతూనే ఉంది.

బట్టల బజారు మలుపులో కుర్రాళ్ళు టపాకాయల దండ పరుస్తున్నారు. ఇక అతని వల్ల కాలేదు. గబుక్కున వెనక్కి వెళ్ళి టీకూని చంకల కింద పట్టి దించేశాడు.

బ్యాండు ఆగిపోయింది. సేఠ్ మొహం కందగడ్డలా అయింది. "బినాయక్‌ని దారిలో దించుతావా? అపశకునం పక్షీ! ఎక్కించు వాణ్ణి!"

"దానికి నడుము నొప్పి సేఠ్‌జీ. మీ కాళ్ళు పట్టుకుంటాను. పిల్లాడు వద్దు."

"గుర్రానికి నడుము నొప్పా! రేపు తలనొప్పి కూడా అంటావు!" సేఠ్ అతని చెంప ఛెళ్ళుమనిపించి, టీకూ కోసం చేతులు చాచాడు. సుమార్ పిల్లవాణ్ణి గుండెకు అదుముకుని వదల్లేదు.

ఈలోపు ఎవడో తొందరపడి దండకు నిప్పంటించాడు.

రేశం వెనక భాగం మనిషెత్తు లేచింది. జీను వెనక పరిచిన జరీ గుడ్డ, టీకూ ఇప్పటిదాకా కూర్చున్న గుడ్డ, ఎగిరిపోయి మండుతున్న టపాకాయల మధ్య పడింది. రేశం దాని మీదే దిగింది. వెనక గిట్టలతో మళ్ళీ మళ్ళీ తొక్కింది. పెళ్ళికొడుకు మెడ కావలించుకుని వేలాడుతుంటే నలుగురు లాగి దించారు. దండ పేలి పేలి ఆరిపోయింది. నుజ్జయిన గుడ్డను అందరూ చూశారు. సేఠ్ చాచిన చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి.

పెళ్ళికొడుకు నాయనమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఇంట్లో అందరూ దాదీసా అనే ముసలమ్మ. టీకూని లాక్కుని తలా చేతులూ తడిమి చూసుకుంది. తర్వాత సుమార్ రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వు మనిషివి కాదు నాయనా, దేవుడివి. మా వంశాన్ని నిలబెట్టావు. దానికి నొప్పని ఎప్పుడు కనిపెట్టావు? ఇప్పుడు, దారిలోనా?"

అవునంటే సరిపోయేది. అడిగేవాడు లేడు. సేఠ్ కూడా తల దించుకుని ఉన్నాడు. కానీ సుమార్‌కు పిల్లవాడి ఒంటి వెచ్చదనం ఛాతీ మీద అలాగే ఉంది.

"పొద్దున్నే," అన్నాడు.

దాదీసా అతని చేతులు వదిలేసి, టీకూని తన పైటలోకి దాచుకుని ఒక అడుగు వెనక్కి వేసింది.

"పొద్దున్నే తెలిసి మా బిడ్డను ఎక్కనిచ్చావా?"

సుమార్ వంగి పట్టీ విప్పి, జీను దించి నెత్తిన పెట్టుకుని, రేశాన్ని తీసుకుని బజారులోంచి నడిచాడు. జనం తోవ ఇచ్చారు. తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు, గుర్రాన్ని చూసి కాదు.