రంగి కూర్చునే చోటు

"ఉప్పు తక్కువైంది. ఆ రంగిని రావద్దని చెప్పినవ్ గద?"

రెండు మాటలూ నరేందర్ ఒకే ముద్ద నములుతూ అన్నాడు. అఖిల ఉప్పు డబ్బా అతని ముందు పెట్టింది. టిఫిన్ డబ్బాలు రెండూ సర్దింది. అత్త చంద్రమ్మ చేతిలో మందుబిళ్లలు పెట్టింది. అప్పుడు అంది, "చెప్పిన."

నిన్న రంగికీ, తల్లికీ చెప్పిన ఆ మాట ఇంకా ముల్లులా గుచ్చుతూనే ఉంది.

ఇవాళ దేశమంతా ఒకటే పరీక్ష. మూడో తరగతి పిల్లలు ప్రశ్న చదివి, జవాబు గుండ్రాన్ని పెన్సిల్‌తో నల్లగా దిద్దాలి. మునగాల దగ్గరి తండా బడిలో, అఖిల పాఠం చెప్పే తరగతిలో అందరికన్నా వెనకబడ్డ పిల్ల రంగి. ఇంట్లో లంబాడీ తప్ప వినదు. తెలుగు ఇప్పుడిప్పుడే కూడబలుక్కుంటోంది. రంగిని ఇంట్లో ఉంచి, ఆ చోట నాలుగో తరగతి విజయ్‌ని కూర్చోబెట్టాలి. ఇది నరేందర్ వేసిన ఎత్తు.

"టీచర్ల సంఘం నాయకుని భార్య బడే అడుగున పడ్డదంటే నేను తలెత్తుకోవాల్నా వద్దా?"

నాయకుడే మరి. పోయిన వారం సూర్యాపేట ధర్నాలో మైకు పట్టుకుని ఇదే పరీక్షను దులిపేశాడు. "ఇంట్ల లంబాడీ మాట్లాడే పిల్లకు ఢిల్లీ ప్రశ్న ఇచ్చి, రాలేదంటే తప్పు పిల్లదా?" చప్పట్లు ఆగలేదు. అప్పుడు అఖిల షామియానా వెనక టీ గ్లాసులు అందిస్తోంది. ఆ మాట ఆమెది. రొట్టెలు కాలుస్తూ, దుఃఖం ఆపుకోలేక అన్న మాట. అతను అడిగితే కాగితం మీద పెట్టిందీ ఆమే. ఇన్నేళ్ల ఉపన్యాసాలూ అంతే. "మావోడు మాట్లాడితే సూర్యాపేట దద్దరిల్లుతది" అని అత్త వాడకట్టంతా చెప్పుకుంటుంది. తండాలో పుట్టిన ఇద్దరూ కోదాడలో కాపురం పెట్టాక, "పక్కింటోళ్లు వింటరు" అంటూ ఇంట్లో లంబాడీని బందు పెట్టించిందీ నరేందర్ గొంతే.

స్కూటీ హైవే ఎక్కింది. అఖిల మనసు మాత్రం రంగి అక్క దగ్గరే ఆగిపోయింది. పాత పంతులు తనిఖీ రోజున రావద్దంటే పత్తి ఏరడానికి వెళ్లింది ఆ పిల్ల. మళ్లీ బడి మొహం చూడలేదు.

తండా మలుపులో కూలీల ట్రాలీ ఆటో ఎదురొచ్చింది. అందులో తల్లి పుష్ప పక్కన, నడుముకు పత్తి సంచి కట్టుకుని రంగి.

అఖిల బండిని అడ్డం పెట్టేసింది.

"ఏందమ్మా గిట్ల జేస్తివి? సచ్చిపోదువు గద!" పుష్ప అరిచింది.

"పిల్లను దించు పుష్పా."

"నువ్వే వద్దంటివి. ఇంట్ల ఊకె ఎందుకని తోల్కపోతున్న. ఇయ్యాల రమ్మంటవ్, రేపు మల్ల వద్దంటవ్. గదేం సదువమ్మా?"

"తప్పు నాది. ఇగ ఎన్నడూ అనను."

డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు. పుష్ప టీచరు కళ్లలోకి చూసింది. రంగి నడుముకున్న సంచి ముడి విప్పింది.

స్కూటీ వెనక ఎక్కిన రంగి లంబాడీలో అడిగింది. "నాకేం రాదనే గద వద్దన్నవ్?"

బండి కొంచెం తూలింది. బందు పెట్టిన ఆ భాషలోనే జవాబు వెతుక్కుంది అఖిల. "రాకపోనీ బిడ్డా. బడి నీదే."

తరగతిలో రంగి చోట, నిన్న అఖిల చెప్పినట్టే, విజయ్ బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. వాణ్ని నాలుగో తరగతికి పంపేసింది. పరీక్ష పెట్టడానికి వచ్చిన మిర్యాలగూడ కుర్రాడు ప్రశ్నపత్రాల కట్ట విప్పాడు. అప్పుడే ఫోన్ మోగింది. అఖిల వరండాలోకి నడిచింది.

"విజయ్‌ని కూసోబెట్టినవా?"

"లేదు. రంగే కూసున్నది."

"పిచ్చి లేసిందా? నా ఇజ్జత్ ఖతం జేస్తవా? మార్కులు తగ్గితే మెమో వస్తది. సంజాయిషీ ఏమని రాస్తవ్?"

కిటికీలోంచి రంగి కనిపిస్తోంది. పెన్సిల్ పిడికిట్లో బిగించి కాగితం వైపే చూస్తోంది. ఇంకా ఒక్క గుండ్రం కూడా నల్లబడలేదు. అఖిల ఫోన్‌ను చెవికి దగ్గరగా పట్టుకుంది.

"మీ ఉపన్యాసాలన్నీ రాసింది నేనే గద. సంజాయిషీ గూడ రాస్త. ఈసారి కింద నా పేరు పెట్టుకుంట."