నీటి కింద జోడీ

పరుపుల షోరూంలో మేనేజరుగా చేసేవాడికి ఇంట్లో కూడా మేనేజరుగానే ఉండాలనిపిస్తే ఏమవుతుందో ఆ ఇంటి భోజనాల గది చూస్తే తెలుస్తుంది. షోరూంలో తగ్గింపు ధరలు రాసే తెల్లబోర్డు పాతబడిందని ఇంటికి మోసుకొచ్చి, గోడ మీదున్న టీవీ తీయించి మరీ దాన్ని తగిలించాడు. ఈసారి సెలవు పెట్టి సముద్రపు ఒడ్డున రిసార్టుకు వెళ్ళాలి. అక్కడ నీటి అడుగుకు డైవింగ్ చేయాలి. రిసార్టు వెనకే ఎడారి ఉంది కాబట్టి దాన్నీ వదలకూడదు. బోర్డుకు మధ్యలో గీత గీసి ఒక పక్క నీలం రంగులో సముద్రం అనీ, ఇంకో పక్క ఎరుపులో ఎడారి అనీ రాసి, కింద తన పేరుకు ఎదురుగా ‘నాయకుడు’ అని కూడా రాసుకున్నాడు. ఎవరూ ఎన్నుకోలేదు. ఎవరూ కాదనలేదు కూడా.

పిల్లలకు పరీక్షలున్నాయి, వాళ్ళ అమ్మమ్మ వచ్చి చూసుకుంటుంది. కాబట్టి ప్రయాణం నలుగురిదే: మేనేజరు, అతని భార్య, పై వాటాలో ఉండే తమ్ముడు, ఆ తమ్ముడి భార్య. ఆదివారం మధ్యాహ్నం నలుగురూ బోర్డు ముందు కూర్చున్నారు.

భార్యది రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. పరగడుపున వచ్చే జనానికి నరం వెతికి సూది గుచ్చడం ఆమె పని. అక్కడ ఆమె పిడికిలి బిగించమంటే బిగిస్తారు, వదలమంటే వదులుతారు. ఎంతటి మొండిఘటమైనా ఆమె ముందు చెయ్యి చాపి బుద్ధిగా కూర్చుంటాడు. ఇంటికొచ్చాక మాత్రం ఆమె మాట గాలికి పోయేది. మొగుడు చెడ్డవాడని కాదు. తిట్టడు, కొట్టడు, అడిగినవి కొనిపెడతాడు. వినడు, అంతే. పెళ్ళైన కొత్తలో ఆమెకు ఏడుపొచ్చేది. తర్వాత కోపమొచ్చేది. ఇప్పుడు ఏదీ రావడం లేదు, దానికే ఆమెకు భయంగా ఉంటోంది.

“ఎడారిలో నాకు జీపులూ అవీ వద్దండీ. తెల్లవారుజామున ఇసుకలో కాసేపు ఊరికే నడవాలనుంది,” అంది ఆమె.

“జీపు, ఒంటె, గుడారం,” అంటూ ఎర్రరంగులో రాసుకుపోయాడు మేనేజరు.

“చివరిరోజు పొద్దున డైవింగ్ పెట్టారు, సాయంత్రం విమానం పెట్టారు. నీళ్ళలో అంత లోతుకు వెళ్ళొచ్చినవాళ్ళు అదే రోజు విమానం ఎక్కకూడదట. ముందు సముద్రం చూసుకుని ఎడారి చివర్లో పెట్టండి.”

మేనేజరు నీలం పెన్ను మూత పెట్టి, ఒంటెకు ఎదురుగా నక్షత్రం గుర్తు వేశాడు. టీలు అయ్యాయి. తమ్ముడు ఫోనులో ఏదో చదువుతూ ఉన్నట్టుండి, “అన్నయ్యా, డైవింగ్ చేసిన రోజే విమానం ఎక్కకూడదట!” అన్నాడు.

“అదీ బుర్రంటే! మా వంశంలో ఎవరికీ లేని తెలివిరా నీది!” అని మేనేజరు పొంగిపోయి, బోర్డు మొత్తం తుడిచి, ఎడారిని చివరికి మార్చేశాడు.

తోడికోడలు మూతి ఒక పక్కకు తిప్పింది. “అక్క ఇందాక చెప్పిందదేగా బావగారూ. ఇసుకలో నడుస్తానని కూడా అంది. ఆ మోకాళ్ళతో ఎంత దూరం నడుస్తుందో మనమూ చూద్దాం.”

భార్యకు ఒళ్ళు మండిపోయింది. తోడికోడళ్ళిద్దరికీ ఉప్పూ నిప్పూ. చిన్నావిడ బట్టల ఫ్యాక్టరీలో కుట్లు సరిగ్గా పడ్డాయో లేదో చూసే విభాగంలో పనిచేస్తుంది. ఇంటికొచ్చాక ఆ చూపు కాస్తా అక్కమీద పడుతుంది. జాకెట్టు తిరగేసి కుట్టించుకున్నా కనిపెడుతుంది, తలకు రంగేసుకోవడం వారం ఆలస్యమైనా కనిపెడుతుంది. ల్యాబులో ఎవరితోనో మాటా మాటా అనుకుని వచ్చిన రోజు ఆమె ఇంకా చెప్పులు విప్పకముందే, “ఎవడో నాలుగు తగిలించినట్టున్నాడే,” అని మెట్ల మీంచే పలకరిస్తుంది. ఇన్నేళ్ళుగా కళ్ళలో వత్తులేసుకుని కాపలా కాస్తోంది మహాతల్లి.

రిసార్టువాళ్ళు ఒక షరతు పెట్టారు. ఎవరి ఊళ్ళో వాళ్ళు ఈతకొలనులో ప్రాథమిక పాఠాలు నేర్చుకుని రావాలి. లేకపోతే పడవ ఎక్కనివ్వరు. అందుకని మరుసటి ఆదివారం నలుగురూ రబ్బరు సూట్లలోకి దూరారు. తన సూటు జిప్పు పడక మేనేజరు ఊపిరి బిగబట్టి, తమ్ముడి చేత వెనకనుంచి లాగించుకుని, బయటికొచ్చి అద్దం ముందు ఛాతీ విరుచుకున్నాడు. పరుపుకు కొత్త గలీబు తొడిగినట్టుంది. నుదుటికి కట్టుకోవడానికి ఒకటి, కర్రకు తగిలించుకోవడానికి ఒకటి, రెండు కెమెరాలు కూడా తెచ్చాడు.

అక్కడ డైవింగ్ నేర్పే కోచ్ మాటల్లో పొదుపరి. “నీళ్ళ కింద నోరు పనిచేయదు. సైగలే మాటలు,” అని, గొంతు కోస్తున్నట్టు అరచెయ్యి అడ్డంగా ఆడించి చూపించాడు. “ఇలా అంటే గాలి అయిపోయిందని అర్థం. ఇద్దరిద్దరు జోడీలు. ఒకరి మీంచి ఒకరు కన్ను తీయకూడదు. సైగ కనబడగానే మీ దగ్గరున్న రెండో గొట్టం మీ జోడీ నోటికి ఇవ్వాలి. నేను వెనకనుంచి ఒకరికి సిలిండరు గాలి ఆపేస్తాను. పక్కనే ఉంటాను, భయపడకండి.”

మొగుడూపెళ్ళాలు ఒక జోడీ అని ఎవరూ చెప్పనక్కర్లేదు. నలుగురూ లోతు వైపున అడుగుకు దిగి మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆమెకు నీళ్ళంటే భయం లేదు. ఆ నిశ్శబ్దం ఆమెకు నచ్చింది కూడా. కోచ్ ఆమె వెనక్కి వెళ్ళాడు. రెండు గుటకల తర్వాత గొట్టంలోంచి గాలి రావడం మానేసింది. ఆమె భర్తవైపు తిరిగి గొంతుకు అడ్డంగా చెయ్యి ఆడించింది. అతను కర్ర చివరి కెమెరా వైపు తిరిగి రెండు వేళ్ళు చూపిస్తున్నాడు. మళ్ళీ ఆడించింది. అతను ఈసారి బొటనవేలు చూపించాడు, అదీ కెమెరాకే. భుజం మీద తడదామని చెయ్యి చాచింది. సరిగ్గా అప్పుడే వెలుతురు బాగున్న వైపు అతను రెండడుగులు జరిగాడు. ఆమెకు ఛాతీ పగిలిపోతున్నట్టయింది, పై ప్రాణాలు పైనే పోయాయి. కోచ్ తన గొట్టం ఆమె నోట్లో పెట్టి పైకి తీసుకొచ్చాడు.

గట్టు పట్టుకుని ఆమె దగ్గుతూ ఉండగా మేనేజరు కూడా తేలాడు. “అద్భుతం! సముద్రంలో ఇంకెలా ఉంటుందో!” అన్నాడు.

“సార్, మీ జోడీకి గాలి అయిపోయింది,” అన్నాడు కోచ్.

“అవునా? ఎప్పుడు?”

ఆ ‘ఎప్పుడు’ అన్న మాటకు ఆమెకు కోపం రాలేదు. సముద్రంలో పక్కన ఉండబోయేది ఈ మనిషేనా అనుకుంది. “నాకు జోడీ మార్చండి,” అంది కోచ్‌తో. “మా తోడికోడలు కావాలి.”

తోడికోడలు కళ్ళద్దాలు నుదుటికి తోసుకుంది. “నేనా? నేనంటే నీకు పడదు కదా అక్కా!”

“పడదు. అయినా నిన్ను మించి నన్ను చూసేదెవరు?”

చిన్నావిడ కళ్ళద్దాలు మళ్ళీ కిందికి లాక్కుంది. నీళ్ళలోకి దిగింది. ఈసారి కోచ్ గాలి ఆపీ ఆపకముందే, పెద్దావిడ చెయ్యి ఇంకా గొంతుదాకా రాకముందే, రెండో గొట్టం వచ్చి పళ్ళకు తగిలింది. పైకి తేలగానే తిట్లు మొదలయ్యాయి. “కళ్ళు అలా తేలేశావేంటి? చెయ్యి ఎత్తడానికి ముహూర్తం చూసుకుంటావా?” ఆ తిట్లు వింటుంటే ఆమెకు హాయిగా ఊపిరాడింది.

ఇంటికొచ్చేదాకా మేనేజరు ముఖం మాడ్చుకునే ఉన్నాడు. బట్టలు మార్చుకుని, భోజనాల గదిలో అందరూ కూర్చోగానే ఒంటికాలి మీద లేచాడు.

“తమ్ముడి ముందు, పరాయివాడి ముందు నా పరువు గంగలో కలిపావు! కట్టుకున్నవాడి మీద ఆమాత్రం నమ్మకం లేదా?”

“నమ్మకం లేక కాదండీ. మీరు నన్ను ముంచరు. నేను మునిగితే మీకు తెలియదు, అంతే.”

“ఎందుకు తెలియదు? నువ్వు సైగ చేస్తే నేను చూడనా? అసలు నువ్వు చేసే ఉండవు. కంగారుపడి పైకొచ్చేసి ఉంటావు. ఉండు, అంతా రికార్డయింది, అందరూ చూద్దురుగాని.”

లాప్‌టాప్ తెచ్చి బల్లమీద పెట్టాడు. తెరనిండా అతని ముఖమే. బుడగలు, రెండు వేళ్ళు, బొటనవేలు. “చూడు, ఎక్కడుంది సైగ?” అన్నాడు. తమ్ముడు కళ్ళు చిట్లించి ముందుకు వంగాడు. మేనేజరు భుజం వెనక, తెర మూలన, వేలెడంత ఆకారం ఒకటి గొంతుకు అడ్డంగా చెయ్యి ఆడిస్తోంది. ఆపి, చూసి, మళ్ళీ ఆడిస్తోంది. చెయ్యి చాచింది. అందలేదు. ఇంకోసారి ఆడించింది.

రుజువు దొరికినందుకు సంతోషిస్తానని ఆమె అనుకుంది. కానీ ఆ మూలనున్న మనిషిని చూస్తుంటే జాలేసింది, అది తనే అయినా సరే. తోడికోడలు తెరవైపు చూడటం మానేసి కిటికీవైపు తిరిగింది.

మేనేజరు వీడియో వెనక్కి తిప్పి మళ్ళీ మొదటినుంచి పెట్టాడు. ఈసారి తన ముఖం వైపు చూసుకోలేదు. మూలనే చూశాడు.

“ఇన్నిసార్లు పిలిచావా?” అన్నాడు.

“కెమెరాలో పడ్డవి ఇవాళ్టివే కదండీ,” అంది ఆమె.