కర్చీఫ్ వేసిన చోటు

అన్నయ్య హైరమ్‌ని మొదటిసారి కలిసింది అమెరికాలో, సాల్ట్‌లేక్ సిటీలోని ఇండియన్ స్టోర్‌లో. గోంగూర కట్టలు ఏరుకుంటుంటే వెనక నుంచి ఎవరో, "అవి ముదురండీ. అడుగునున్నవి తీసుకోండి," అన్నారట. తిరిగి చూస్తే ఎర్రజుట్టు తెల్లవాడు, చేతిలో ఆవకాయ సీసా.

"గోదావరి యాస, దీపూ! అచ్చం మన పెదతాతలా," అని అన్నయ్య ఆ సంగతి నాకు ఎన్నోసార్లు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఆ జుట్టు ఇంకొంచెం ఎర్రగా అయ్యేది.

హైరమ్ వాళ్ళది మోర్మన్ కుటుంబం. వాళ్ళ కుర్రాళ్ళు చదువు మధ్యలో ఆపి, రెండేళ్ళపాటు చర్చి ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్ళి మతం గురించి చెప్పాలి. అతన్ని రాజమండ్రి పంపారు. అక్కడ అద్దెకిచ్చిన ఇంటావిడ దగ్గర తెలుగు నేర్చుకున్నాడు. ఆవిడ అందరినీ 'అండీ' అనేదట. అందుకని ఇతనూ చిన్నపిల్లల్ని కూడా 'అండీ' అనేవాడు.

నేను ఎం.ఎస్. చదవడానికి యూటా వచ్చి, లీహైలో అన్నయ్య టౌన్‌హౌస్‌లో కింది గదిలో దిగాను. శశికాంత్ అన్నయ్య మా పెదనాన్న కొడుకు. లీహైలోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. హైరమ్ స్కూల్లో పిల్లలకి సంగీతం చెప్తాడు, ఆదివారాలు వాళ్ళ చర్చిలో ఆర్గన్ వాయిస్తాడు. చాలా సాయంత్రాలు మా ఇంట్లోనే భోంచేసేవాడు.

వాళ్ళిద్దరి సంగతి నాకెవరూ చెప్పలేదు. ఒక సాయంత్రం హైరమ్ సోఫాలో కూర్చుని కూర్చుని నిద్రపోయాడు. అన్నయ్య నేల మీద కూర్చుని, మెలకువ రాకుండా అతని బూట్ల లేసులు విప్పి, ఒక్కొక్కటే తీసి గోడవారగా పెట్టాడు. మా ఇళ్ళలో మగవాళ్ళు ఒకరి బూట్లు ఒకరు విప్పరు. నేను వంటింట్లోకి వెళ్ళి, అన్నం ముగ్గురికి సరిపోతుందో లేదో చూశాను.

హైరమ్ కథలన్నీ రాజమండ్రి కథలే. అన్నయ్య మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేది బస్సు కథ.

"బస్సు ఖాళీగా ఉందండీ. సీట్లో ఎవరిదో కర్చీఫ్. పాపం మర్చిపోయారనుకుని మడతపెట్టి పక్కన పెట్టి కూర్చున్నానండీ. ఒకావిడ బుట్టతో ఎక్కి, 'ఓరి నీ దుంపతెగ, నా కర్చీఫ్ తీసేస్తావా!' అందండీ."

"నువ్వేమన్నావు?"

"ఆయ్, దేవుడి గురించి రెండు నిమిషాలు మాట్లాడొచ్చా అన్నానండీ."

"ఆవిడేమంది?"

"ముందు లేవరా, తర్వాత దేవుడు, అందండీ."

అప్పటినుంచి మా ఇంట్లో అదొక ఆట. హైరమ్ వచ్చేసరికి భోజనాల బల్ల దగ్గర అతని కుర్చీ మీద అన్నయ్య కర్చీఫ్ పరిచి ఉండేది. నేను పొరపాటున కూర్చోబోతే, "అమ్మాయ్, లేచిరా! చోటు ఆపాను కనిపించట్లా?" అని అరిచేవాడు.

చలికాలం చివర్లో హైరమ్ చెల్లెలు ఎమ్లిన్‌కి పెళ్ళి కుదిరింది. ఆ సాయంత్రం అతను సరిగా తినలేదు.

"పెళ్ళి టెంపుల్‌లో అండీ," అన్నాడు.

అన్నయ్య ఒకట్రెండు ఆదివారాలు వాళ్ళ చర్చికి వెళ్ళాడు. అందరూ చెయ్యి కలిపి, కేకు పెట్టి పంపారు. పెళ్ళిళ్ళు జరిగే వాళ్ళ టెంపుల్ కూడా అలాంటిదే అనుకున్నాడు. కాదట. వాళ్ళ చర్చి పెద్ద, బిషప్ అంటారు, కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగి, సరిగ్గా బతుకుతున్నావని నమ్మితేనే కార్డు ఇస్తారు. ఆ కార్డు ఉన్నవాళ్ళకే లోపలికి దారి. కార్డు లేకపోతే కన్నతల్లైనా బయట తోటలో కూర్చోవలసిందే.

"పెళ్ళి చూడ్డానికి కార్డా? మా ఊళ్ళో దారిన పోయేవాడు కూడా కూర్చుని తిని, సాంబారులో ఉప్పు తక్కువైందని చెప్పి మరీ పోతాడు," అన్నాడు అన్నయ్య.

హైరమ్ నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"నా కార్డు గడువు అయిపోయిందండీ. మళ్ళీ కావాలంటే బిషప్ అడుగుతారు. అబద్ధం చెప్పలేనండీ."

"నిజం చెప్తే?"

"మిమ్మల్ని వదిలేయాలండీ."

 కాసేపటికి హైరమ్ వాళ్ళ నాన్న సంగతి చెప్పాడు. అతను రాజమండ్రిలో ఉండగానే ఆయన పోయారు. వెళ్తానంటే చర్చివాళ్ళు పంపేవారే. తనే వెళ్ళలేదు. టెంపుల్‌లో ముడిపడిన కుటుంబం చచ్చిపోయాక కూడా విడిపోదని వాళ్ళ నమ్మకం. పైన ఎలాగూ కలుస్తాంగా అనుకుని, ఆ రోజు కూడా టై కట్టుకుని ఇంటింటికీ తిరిగాడట.

"అది అబద్ధమైతే నేను నాన్నని చూడకుండా ఎందుకు ఉండిపోయానండీ?" అన్నాడు. ఆ ప్రశ్న మమ్మల్ని అడిగినట్టు లేదు.

అన్నయ్య అతని చెయ్యి పట్టుకున్నాడు, నా ముందు మొదటిసారి. "పైలోకం సంగతి పైన చూసుకుందాం. ఈ లోకంలో నా పక్కన కూర్చో."

హైరమ్ ఆ చెయ్యి వదల్లేదు. "కూర్చుంటానండీ. ఆ రోజు బయటే, మీతో పాటు బెంచీ మీద. అమ్మకి వేరే చెప్పక్కర్లేదు. నన్ను బయట చూస్తే చాలు, అందరికీ తెలిసిపోతుంది."

"ప్రామిస్?"

"ఆయ్."

ఆ తర్వాత అతను రావడం తగ్గింది. పెళ్ళి పనులు అన్నాడు. కుర్చీ మీద కర్చీఫ్ ఒక్కోసారి పడుకునేదాకా అలాగే ఉండేది. అన్నయ్య మాత్రం హుషారుగా ఉన్నాడు. ఇండియా నుంచి వస్తున్నవాళ్ళ చేత ఎమ్లిన్‌కి ఉప్పాడ చీర తెప్పించాడు.

"ఆ అమ్మాయి నీకేం వరసవుతుంది?" అన్నాను.

"మరదలనుకో. లేకపోతే పెళ్ళికూతురనుకో. వరసతో నీకేం పనే?"

పెళ్ళి శనివారం పొద్దున. కొండల మీద ఇంకా మంచు ఉంది, కింద తోటలో మాత్రం తులిప్ పూలు. తెల్లటి టెంపుల్ చుట్టూ ఎన్నో పెళ్ళిళ్ళవాళ్ళు గుంపులుగా నిలబడి ఉన్నారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఒక కొత్త జంట బయటికొస్తుంది, ఒక గుంపు కేకలేస్తుంది.

తలుపుకి ఎదురుగా ఉన్న బెంచీ మీద ఒక ముసలాయన ఫ్లాస్కు పెట్టుకుని కూర్చున్నాడు. మమ్మల్ని చూసి జరిగాడు.

"మనవరాలి పెళ్ళి," అన్నాడు. "నేను కాఫీ మానలేకపోయాను. వీళ్ళకి కాఫీ తప్పు. అందుకే నా పిల్లల పెళ్ళిళ్ళన్నీ ఈ బెంచీ మీద నుంచే చూశాను. మీరు?"

"ఫ్రెండ్ చెల్లెలి పెళ్ళి. అతను వస్తాడు, మాతో కూర్చుంటాడు," అన్నాడు అన్నయ్య. జేబులోంచి కర్చీఫ్ తీసి బెంచీ చివర పరిచాడు. అదేమిటని ముసలాయన అడిగితే మా ఊరి బస్సుల సంగతి చెప్పాడు.

"ఎవరూ తీసేయరా?"

"తీస్తే తిడతాం."

ఆయనకి అది బాగా నచ్చింది. ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి అన్నయ్యకిచ్చాడు.

ఎమ్లిన్ స్నేహితులు, చుట్టాల పిల్లలు తలుపు దగ్గర చేరారు. హైరమ్ లేడు. అన్నయ్య మెడ సాచి రోడ్డు వైపు చూశాడు. ఫోను చూసుకున్నాడు.

"పార్కింగ్ దొరికుండదు," అన్నాడు.

హైరమ్ ఆకుపచ్చ కారు పార్కింగ్‌లో గోడ పక్కన ఉంది. మేం వచ్చేటప్పుడే చూశాను. అద్దాల మీద పొద్దుటి మంచు పేరుకుని ఉంది. అంటే చాలాసేపటి కిందే వచ్చి పెట్టాడు. అన్నయ్యకి చెప్పలేదు. నేనే పొరపాటు పడి ఉంటే బాగుండుననుకుంటూ కూర్చున్నాను.

తలుపు తెరుచుకుంది. ఎమ్లిన్, పెళ్ళికొడుకు వచ్చారు. అందరూ కేకలేశారు. వాళ్ళ వెనక పెద్దవాళ్ళు వచ్చారు. ఆ పెద్దవాళ్ళ మధ్య, తల్లికి చెయ్యి ఆసరా ఇచ్చి నడిపిస్తూ, నీలం సూటులో హైరమ్ లోపల నుంచి బయటికొచ్చాడు.

అన్నయ్య సగం లేచినవాడు అలాగే కూర్చుండిపోయాడు. ముసలాయన అన్నయ్యని చూశాడు, ఆ తలుపు వైపు చూశాడు, కర్చీఫ్ వైపు చూశాడు. ఫ్లాస్కు మూత నెమ్మదిగా బిగించుకున్నాడు.

హైరమ్ మా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"బాగా జరిగిందా?" అన్నాడు అన్నయ్య.

"ఆయ్." టై సర్దుకున్నాడు. "లోపల నాన్న కుర్చీ ఖాళీగా ఉంచారండీ. దాని పక్కది నాది. రెండూ ఖాళీగా ఉంటే అమ్మ..."

"బిషప్ దగ్గరికి ఎప్పుడెళ్ళావు?"

"పోయిన నెల."

"మనిద్దరిదీ అయిపోయిందని చెప్పావా?"

"చెప్పానండీ."

"నాకు చెప్పకముందే వాళ్ళకి చెప్పావన్నమాట. ఫోన్‌లోనైనా చెప్పొచ్చుగా, హైరమ్. కొత్త చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నాను."

"మీ గొంతు వింటే చెప్పలేనండీ."

 ఇంతలో హైరమ్ వాళ్ళమ్మ చేతులు చాచుకుంటూ వచ్చింది. "నువ్వేగా శశి! మా అబ్బాయికి ఆవకాయ పెట్టేది నువ్వేగా! రా, రా, ఫోటోలోకి రా!" ఆవిడకి ఎంత తెలుసో నాకు అర్థం కాలేదు. అన్నయ్యని కావలించుకున్నప్పుడు మాత్రం ఊరికే వదల్లేదు, రెండోసారి గట్టిగా పట్టుకుని వదిలింది.

"మీరు కానివ్వండి," అని అన్నయ్య చీర ప్యాకెట్ ఆవిడ చేతిలో పెట్టాడు. "పెళ్ళికూతురికి."

హైరమ్ వెళ్ళబోతూ బెంచీ చివర వైపు చూశాడు. చెయ్యి కొంచెం ముందుకొచ్చింది. కర్చీఫ్‌ని ముట్టుకోకుండానే వెనక్కి తీసుకుని, తల్లి వెంట వెళ్ళిపోయాడు.

మెట్ల మీద ఫోటోలు తీస్తున్నారు. ఎమ్లిన్ తెల్లగౌను మీద ఆ చీరని శాలువాలా కప్పుకుంది. గాలికి జారిపోతుంటే హైరమ్ పైట ఎలా వేసుకోవాలో చూపించి, భుజం మీద సర్దాడు. రాజమండ్రి ఇంటావిడని చూసి నేర్చుకుని ఉంటాడు.

"వెళ్దామా అన్నయ్యా?" అన్నాను.

"ఫోటో అయిపోనీ."

వేరే పెళ్ళి తాలూకు పెద్దావిడొకరు కర్ర పొడుచుకుంటూ మా బెంచీ దగ్గరికొచ్చింది. ఖాళీ చోటు చూపించి, ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని ఇంగ్లీషులో అడిగింది.

ముసలాయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఉన్నారమ్మా. ఆ గుడ్డ వేస్తే చోటు ఆపినట్టు లెక్క. తీస్తే తిడతారు."

అన్నయ్య మెట్ల వైపు ఇంకోసారి చూశాడు. వంగి కర్చీఫ్ తీశాడు. మోకాలి మీద పరిచి, ముడతలు సాఫు చేసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఎవరూ లేరండీ," అన్నాడు. "కూర్చోండి."

తెలుగులోనే అన్నాడు. ఆవిడకి అర్థమైంది. కూర్చుంది.