వరహాలబాబు గారి సంతకం

ఆడపిల్లలు ఇంజనీరింగులో ఎందుకు చేరడం లేదో కనుక్కోమని ఓ సంస్థవాళ్లు మా స్కూలు టీచర్లకు తలో పాతిక ఫారాలు అంటగట్టారు. సందుకో కంప్యూటర్ కోర్సు బోర్డు వేలాడుతున్న రోజులవి. నా వంతుకు నగరంలోని సీతాఫల్‌మండి పేట వచ్చింది. పిల్లే తన నోటితో జవాబు చెప్పాలన్నది నియమం. ఆదివారం చర్చి కాగానే బయల్దేరి పదకొండు ఇళ్లు తిరిగాను. పదకొండు చోట్లా తండ్రులే చెప్పారు. పన్నెండో ఇంటికి చేరేసరికి నా ఓపిక అడుగంటింది.

అది వరహాలబాబు గారిల్లు. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇరవయ్యేళ్లుగా ఇక్కడ ఓ ఆఫీసులో గుమాస్తాగిరీ చేస్తున్నారు. కూతురు సాయిదుర్గకు ఎంసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. సీట్లిచ్చే కౌన్సెలింగు మర్నాడు పొద్దున్నే. వెళ్లకపోతే ఆ ర్యాంకు చిత్తుకాగితం.

"నీకు ఏ చదువు ఇష్టమమ్మా?" అని పిల్లనడిగాను.

"దానికి బీఎస్సీయే ఇష్టమండి. కాలేజీ ఈ సందు చివరే," అన్నారాయన.

"రేపు కౌన్సెలింగుకు వెళ్తున్నావా?"

"ఎల్లదండి. దానికే ఇష్టం లేదు."

సాయిదుర్గ నోరు తెరిచేలోపే ఆయన జవాబు వచ్చేసేది. చదువుకు ఆటంకాలేమైనా ఉన్నాయా అంటే, "మా ఇంట్లో అలాటివేటీ లేవండి, రాసుకోండి," అన్నారు.

నాకు ఒళ్లు మండింది. ఉన్నదున్నట్టు రాసి సంతకానికి ఇచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఆఫీసు ఫైలు చూసినట్టు వరసగా చదివారు. ప్రతి జవాబు పక్కనా 'తండ్రి చెప్పారు' అని ఉంది. ఆటంకాల పట్టికలో డబ్బు, దూరం, హాస్టలు దగ్గర 'కాదు'. 'ఇతరములు' దగ్గర 'తండ్రి'.

"ఇదేటి మేడంగారూ?"

"తప్పయితే కొట్టేయండి."

పెన్ను తీశారు గానీ కొట్టలేకపోయారు. ఇన్నేళ్లలో ఒక్క తప్పుడు కాగితం మీదా తన కొడుకు సంతకం పెట్టలేదని వాళ్లమ్మ దేముడమ్మ గారు గుమ్మంలోంచి గర్వంగా చెప్పారు. "పిల్ల నోటంట ఓ మాట రానీరా బాబూ," అని కూడా అన్నారు.

"నాకు మెకానికల్ కావాలి నాన్నా. రెండు బస్సులు మారాలి, మారతా," అంది సాయిదుర్గ.

"ఆడపిల్లవి, మిషన్ల దగ్గర ఏటి సేస్తావు?"

"మన కుట్టుమిషన్ ఆగిపోతే విప్పి బాగుచేసేది ఎవరు?"

 ఆయన తను చెప్పిన జవాబులు కొట్టేసి, పక్కనే పిల్ల చెప్పినవి రాశారు. 'తండ్రి' మీద అడ్డంగా నిక్కచ్చిగా గీత గీసి, పక్కన పొట్టి సంతకం చేశారు. పైన 'ఏమీ లేవు' అని రాశారు. కింద పూర్తి సంతకం పెట్టి తేదీ వేశారు.

"ఇది రేపటి తేదీ కదండీ," అన్నాను.

"రేపు పిల్లని కౌన్సెలింగుకి నానే తీసుకెల్తాను గదండి. ఆటంకం పోయేది రేపే, ఇయ్యాల తేదీ ఏస్తే తప్పుడు రికార్డయిపోతాది."

ఫారం మాత్రం నా చేతికివ్వలేదు. కౌన్సెలింగు అయ్యాక, రేపు సాయంత్రం వచ్చి తీసుకెళ్లమన్నారు. నా కోపమంతా ఎటు పోయిందో, సంతోషంగా సరేనన్నాను.