ముసలమ్మ వాలు కింద పదకొండింటి బస్సు

హింటర్‌గ్రాస్ ఊరి మంచుచరియల కమిటీలో ఐదుగురు సభ్యులు; కొండ మీది మంచు జారిపడేలా ఉంటే రోడ్డు మూయించడం వాళ్ల పని. వాళ్లలో మంచు మీద చెయ్యి పెట్టి చూసేది నోట్‌బుర్గా ఒక్కతే. మిగతా నలుగురూ మంచు గురించి మాట్లాడతారు. మాట్లాడటంలో వాళ్లను మించినవాళ్లు ఆ లోయలోనే లేరు.

ఈస్టర్ ముందు శనివారం తెల్లవారుతూనే ఆమె, ఊరివాళ్లు ముసలమ్మ అని పిలిచే కొండవాలు అంచుకు ఎక్కింది. ఊళ్లోకి ఉన్న ఒక్క రోడ్డూ ఆ వాలు కిందనుంచే పోతుంది; దానికి ఊరి వైపొక గేటు, లోయ వైపొక గేటు. రాత్రంతా మబ్బు పట్టి, దక్షిణపు వేడిగాలి వీచి, మంచు గడ్డకట్టనే లేదు. కర్ర గుచ్చితే పిడిదాకా దిగింది. అంత మెత్తబడ్డ మంచు ఏ క్షణాన్నైనా జారి కిందికొస్తుంది. పదకొండింటికి ఆ రోడ్డు మీద బస్సు వస్తుంది. దాన్ని తోలేది ఆమె మొగుడు వేండెలిన్.

ఏడున్నరకు కమిటీ కూర్చుంది. మేయర్ గెబ్‌హార్ట్ వేండెలిన్‌కు చిన్నాన్న కొడుకు. ఊళ్లో పెద్ద హోటల్ కూడా ఆయనదే. ఆ రోజు హోటల్లో పాత అతిథులు ఖాళీ చేసి కొత్తవాళ్లు దిగాలి. అందువల్ల ఆయన కంటికి మంచు చాలా గట్టిగా కనిపించింది.

"వదినా, రూలేంటి? వసంతంలో ఎండ ముదరకముందే, పదకొండింటికి రోడ్డు మూసెయ్యాలి. అవునా? మరి పోయిన ఆదివారం వేసవి వేళకని దేశమంతా గడియారాలు గంట ముందుకు తిప్పామా లేదా? అంటే ఇవాళ్టి పన్నెండే అసలు పదకొండు. సూర్యుడి లెక్కన మనకింకో గంట మిగిలినట్టే!"

స్కీ మాస్టారు లోరెన్స్ ఈ తెలివికి మురిసిపోయాడు. అయితే ఆయనకో ధర్మసందేహం వచ్చింది. ఆ రూలు రాసింది గడియారాలు తిప్పకముందా, తిప్పాకా? ఫైలు తెప్పించారు. కళ్లజోళ్లు తుడుచుకున్నారు. సూర్యుడు ఎవరి పక్షమో తేల్చడానికి గంట పట్టింది, రెండు విడతల కాఫీ పట్టింది.

"రాత్రి గడ్డే కట్టని మంచుకి పదకొండైతేనేం, పన్నెండైతేనేం?" నోట్‌బుర్గా బల్ల చరిచింది. "కర్ర పిడిదాకా దిగిందంటున్నాగా! ఇప్పుడే మూయండి."

"కర్ర నీది వదినా, సంతకం నాది," అన్నాడు గెబ్‌హార్ట్ నవ్వుతూ.

ఓట్లు వేశారు. ఒకటికి నాలుగు. పన్నెండింటికి మూయాలని తీర్మానించి, సూర్యుడికి న్యాయం చేశామన్న తృప్తితో లేచారు.

ఆమె బయటికొచ్చి మొగుడికి ఫోన్ చేసింది. "ఇవాళ రావద్దయ్యా."

"గేటు తెరిచుంటే రావాల్సిందేనే. నలభై మందికి టిక్కెట్లిచ్చా. మా ఆవిడ వద్దందని కంపెనీకి చెప్పనా?"

"మూసుంటే?"

"మూసుంటే ఏముంది, కిందే ఆగి సాసేజ్ తింటా."

గేట్ల తాళంచెవులు కమిటీలో అందరి దగ్గరా ఉంటాయి. వాటికి పనిచెప్పే అధికారం మాత్రం మేయర్ సంతకానికే ఉంది. నోట్‌బుర్గా ఊరి వైపు గేటు తన వెనకే మూసి, ముసలమ్మ కింద ఊపిరి బిగబట్టి జీపు నడిపి, లోయ వైపు గేటు కూడా దించి తాళం వేసింది.

పదీ నలభైకి బస్సు వచ్చి ఆగింది. గెబ్‌హార్ట్ ఫోను కూడా వచ్చింది.

"మతి పోయిందా వదినా? కమిటీలోంచి తీసేస్తా! కేసు పెడతా! తెరువు!"

"తెరవను. ఏం పీక్కుంటావో పీక్కో."

పదకొండుకు ఐదు నిమిషాలుందనగా ముసలమ్మ దిగింది. వాలు మీది మంచంతా చెట్లతో సహా వచ్చి రోడ్డు మీద కూర్చుంది. వేండెలిన్ తింటున్న సాసేజ్ చేతిలోనే ఉండిపోయింది.

రోడ్డు బాగుచేయడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు మధ్యాహ్నం గెబ్‌హార్ట్ ఒక కాగితం పట్టుకుని, వేండెలిన్ భోంచేస్తుండగా వాళ్ల వంటింట్లోకి వచ్చాడు. మేయర్ ముందుచూపుతో, మేయర్ ఆజ్ఞ మీదే గేట్లు మూశారని అందులో రాసుంది.

"పేపరువాళ్లు వస్తున్నారు వదినా. గేట్లు నేనే మూయించానని నువ్వు కూడా ఒక్క సంతకం..."

ఆమె చదవకుండానే సంతకం పెట్టింది.

"నీ పేరే ఉండనీ మరిదీ. మంచులో పోయినవాళ్ల వరసలో ఈయన పేరు చర్చి గోడ మీద చెక్కించాల్సిన పని తప్పింది. నాకది చాలు."

గెబ్‌హార్ట్ కాగితం మడిచి, తల వంచుకుని వెళ్లిపోయాడు. అప్పుడు దొరికింది ఆమెకు తీరిక. పొయ్యి అంచు పట్టుకుని, ఇక ఏడుద్దామనుకుంటుండగా వేండెలిన్ పళ్లెం ముందుకు జరిపి ఉడకబెట్టిన రొట్టె ఉండ ఇంకోటి వెయ్యమన్నాడు. ఆమె రెండు వేసింది.