వేలానికి వచ్చిన ఉచితం

“సర్చిలో సారా పాటేటర్రా?” అంటూ సింహాద్రమ్మ లేచి నిలబడేసరికి నర్సీపట్నం చర్చి ఆవరణలో కోత పండుగ వేలం ఉన్నపళంగా ఆగిపోయింది.

చర్చిలో పాటలు రెండు రకాలు. ఒకటి కీర్తన పాట, రెండోది ఏడాదికోసారి, సంఘస్థులు తెచ్చిన కానుకలకు జరిగే వేలం పాట. సారా దుకాణాల పాటలు ఆపించడానికి ఒకప్పుడు రోడ్డు మీద బైఠాయించిన సింహాద్రమ్మ, మతం వేరైనా, ఏటా గొలుగొండ నుంచి వచ్చి ఈ వేలంలో ముందు వరసలో కూర్చుంటుంది. సంఘపెద్ద సత్యప్రకాష్ గారు “తరవాత పాట, ఓపెన్ సోర్...” అన్నారు. మిగతాది మైకు మింగేసింది. ఆ ఖాళీలో ఆవిడ చెవి సారా పోసుకుంది.

సీడీ పట్టుకుని వేదిక పక్కన నిలబడ్డ కృపాజ్యోతి కంగారుపడింది. ఆమె కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కు గొలుగొండ ఆడపిల్లలు వస్తున్నది సింహాద్రమ్మ మాట మీదే. వాళ్లలో మొదటిది ఆవిడ కూతురు దేవి. ఆవిడ వద్దంటే బెంచీలు ఖాళీ.

నిజానికి వేలానికి తెచ్చిన ఆ సీడీ ఆమె కృతజ్ఞతార్పణ. మొన్నటిదాకా కృపాజ్యోతి కంప్యూటర్లలో ఉన్నవన్నీ దొంగ కాపీలే. గోడ మీద ‘దొంగిలకూడదు’ అన్న ఆజ్ఞ, సరిగ్గా దాని కిందే ఆ కంప్యూటర్లు. లైసెన్సు మాటెత్తితే గదంతా సైలెన్సు. అన్నీ కొనాలంటే ఇన్‌స్టిట్యూట్‌నే అమ్మాలి. అప్పుడు తమ్ముడు బెన్హర్ విశాఖ నుంచి, ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ సీడీ తెచ్చి ఎక్కించాడు. మొదట్లో ప్రింటరు అలిగింది. ఇంటర్నెట్‌లో మొర పెట్టుకుంటే ముక్కూ మొహం తెలియని ఎవరో ఓపిగ్గా దారి చెప్పి, థాంక్స్ అందుకోవడానికైనా ఆగకుండా వెళ్లిపోయారు. ఎరువుల కొట్లలో రాసే లెక్కలు నేర్పడానికి మాత్రం కొన్న ప్రోగ్రామే మేలనిపించి, ఒక్క కంప్యూటర్‌కు నిజంగానే కొంది. కొన్నది వేరు, ఊరికే వచ్చింది వేరు. రెండు వేర్లతోనూ చెట్టు బతికింది. దణ్ణం ఎవరికి పెట్టాలో తెలియక, తొలిపంటలా ఆ సీడీని దేవుడి దగ్గరికే తెచ్చింది.

గబగబా సింహాద్రమ్మ దగ్గరికి వెళ్లి, అది సారా కాదనీ, ఉచితంగా వచ్చిన సాఫ్ట్‌వేర్ అనీ చెవిలో చెప్పింది. సారా గొడవ తీరింది గానీ అసలు గొడవ అప్పుడే మొదలైంది.

“ఊరికే వచ్చినదాంట్లో పసేటుంటాది? కొన్నది నేర్పే సోటికే పంపుతాను మా దేవిని.”

ఉచితమైతే అనుచితమని ఆవిడ లెక్క.

కృపాజ్యోతి చూపు స్తంభానికి కట్టిన పుంజు మీద పడింది. ఈ వేలంలో పాడుకున్నవాళ్లు, ఇష్టమైతే వస్తువును మళ్లీ పాటకే ఇచ్చేస్తారు. ఆ పుంజును ఇందాక పాడి, తిరిగిచ్చింది సింహాద్రమ్మే.

“పిన్నీ, ఈ పుంజును ఇంటికి తీసుకెళ్లకుండా ఎందుకిచ్చేశావు?”

“నలుగురికీ పనికొస్తాదని.”

“దీన్ని రాసినవాళ్లూ అలాగే ఇచ్చారు. వాడుకో, తప్పుంటే సరిచెయ్యి, ఇంకొకరికివ్వు అన్నారు. పుంజునిచ్చేస్తే నీ చెయ్యి ఖాళీ. ఇది ఇచ్చినా నీ దగ్గరే ఉంటుంది. కొన్నది కూడా ఒకటుంది. దేవికి రెండూ నేర్పుతున్నాను.”

సింహాద్రమ్మ పుంజు వంక చూసింది, సీడీ వంక చూసింది.

“రాసినోళ్లెవులు?”

“దేశదేశాల వాళ్లు. నాకూ తెలీదు పిన్నీ.”

“మనమెవులమో తెలకుండానే ఇచ్చేసినారా?” ఆవిడ గొంతు సాఫ్ట్‌వేర్ కంటే సాఫ్టయింది.

నేరుగా వేదికెక్కి సత్యప్రకాష్ గారి చేతిలో మైకు అందుకుంది. ఆవిడంటే భయమో ఏమో, మైకు ఒక్క గురకైనా పెట్టకుండా పలికింది.

“అందరూ కూకోండి. సారా కాదంట, సోర్సంట. నా సెవే తప్పు ఇన్నాది. మా దేవి నేర్సుకుంటన్న సదువే ఇది, రేపూ ఇక్కడే నేర్సుకుంటాది. మొదటి పాట నాది. పాడి మళ్లీ ఇచ్చేస్తన్నాను, ఇంకెవులైనా అందుకోండి. దీన్ని రాసినోళ్లు ఎక్కడున్నారో గానీ, సల్లగుండాలి.”