వేలిముద్ర చెల్లదు

న్యూయార్క్‌లో ఒక అంతర్జాతీయ సంస్థ భవనం. దాని తొమ్మిదో అంతస్తులో ఒక గదికి ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు హెడ్మాస్టరు గది. కొట్లాడుకునే దేశాల మధ్య శాంతిని కాపాడమని ఆ సంస్థ పంపిన మనుషులు, అక్కడికి వెళ్ళి తాగి జీపు నడిపినా, గోదాములో టైర్లు అమ్ముకున్నా, ఊరివాళ్ళ మీద చెయ్యి చేసుకున్నా, ఆ ఫిర్యాదు సముద్రాలు దాటి చివరికి ఆ గదికే రావాలి. వచ్చిన ప్రతి కాగితాన్నీ ముందుగా చదివేది యోగానంద్. విచారణ జరపాలా, అక్కర్లేదా అని అతను రాసిన నాలుగు ముక్కల కింద పైఅధికారి హాల్వర్‌సన్ సంతకం పెట్టేవాడు. పదకొండేళ్ళలో ఆయన ఆ ముక్కల్ని మార్చింది లేదు.

యోగానంద్‌కి తన నిజాయితీ మీద కాస్త గర్వం. ఆఫీసు పెన్సిలు పొరపాటున జేబులో ఉండిపోయి ఇంటికొస్తే మర్నాడు పట్టుకెళ్ళి దాని చోట దాన్ని పెట్టేవాడు. ఆదివారాలు క్వీన్స్‌లో తెలుగువాళ్ళు ఎవరో ఒకరింట చేరి, పులిహోర తింటూ దేశంలో లంచగొండితనాన్ని తిట్టిపోసేటప్పుడు, "మన యోగానంద్‌గారిలాంటివాళ్ళు పదిమంది ఉంటే చాలండీ" అని ఎవరో ఒకరు అనేవారు. అతను మొహమాటపడినట్టు కనిపించేవాడు. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట భార్య మీనాక్షి విన్నదో లేదో అని మరోసారి చెప్పేవాడు.

అటువంటి మనిషి 1983 మార్చిలో చేసిన పని చెబుతాను.

మిషన్ల నుంచి కాగితాలు వారానికొకసారి సీలు వేసిన సంచిలో విమానం మీద వచ్చేవి. మిషన్ అంటే శాంతి దళం, దాని ఆఫీసు, దాని శిబిరం అన్నీ కలిపి. ఆ వారం సంచిలో ఎస్తేర్ అనే ఆమె ఫిర్యాదు వచ్చింది. ఆమెది ఏ దేశమన్నది మనకు అనవసరం. మిషన్ సిబ్బంది బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే పని ఆమెది. ముగ్గురు పిల్లలు, మొగుడు యుద్ధంలో పోయాడు. రవాణా అధికారి ఒకడు ఆమెను తన క్వార్టర్‌కి పిలిచాడు. పని నిలవాలంటే రావాలన్నాడు. రెండుసార్లు వెళ్ళింది. మూడోసారి వెళ్ళనంది. ఆ వారంలోనే పని ఊడింది. ఆమె చెబుతుంటే చర్చి బడి పంతులమ్మ రాసిపెట్టింది. కింద నల్లటి సిరాతో ఎస్తేర్ వేలిముద్ర ఉంది.

రవాణా అధికారి పేరు చదివి యోగానంద్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. దామోదర్. భానుమతి తమ్ముడు.

భానుమతి ఎవరో చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. డెబ్బయి ఒకటిలో, చంకలో పిల్లతో, పైన కోటు కూడా లేకుండా యోగానంద్ దంపతులు మంచులో దిగితే, తమ ఇంటి బేస్‌మెంట్ ఖాళీ చేసి నాలుగు నెలలు పెట్టుకున్నది భానుమతి, ఆమె భర్త డాక్టర్ సూర్యప్రకాశ్. మీనాక్షి రెండో కాన్పుకి పథ్యం వండి పెట్టింది భానుమతి. తోడబుట్టినది కూడా చెయ్యదు అంత. ఆ దామోదర్‌కి ఈ ఉద్యోగానికి అప్లికేషన్ నింపి పెట్టింది కూడా యోగానందే.

అబద్ధపు ఫిర్యాదు అనుకుంటే అతనికి ఎంత సుఖంగా ఉండేదో. వేలిముద్ర వేసిన మనిషి చేత ఎవరో అలా చెప్పించి ఉండవచ్చు కూడా. కానీ ఆ కాగితంలో ఒక వాక్యం ఉంది. 'తలుపు వేసే ముందు ఆయన బల్ల మీదున్న చిన్న దేవుడి బొమ్మను గోడవైపు తిప్పి పెట్టేవాడు. రెండుసార్లూ అలాగే చేశాడు.' ఆ బొమ్మ యోగానంద్‌కి తెలుసు. అన్నవరం సత్యనారాయణస్వామి పటం. దామోదర్ ప్రయాణమయ్యే రోజున భానుమతి తమ్ముడి సూట్‌కేసులో బట్టల మధ్య పెడుతుంటే పక్కనే నిలబడి చూశాడు. దేవుణ్ణి గోడవైపు తిప్పడమంటే ఏమిటో ఎస్తేర్‌కి తెలియదు. చూసింది చూసినట్టు చెప్పింది. అది చదివాక యోగానంద్‌కి అనుమానమన్నది మిగల్లేదు.

ఆ శనివారం మధ్యాహ్నం భానుమతి వచ్చింది. చేతిలో గిన్నె. మజ్జిగ పులుసంటే అతనికి ఇష్టమని చేసి తెచ్చింది. అది మీనాక్షి చేతికిచ్చి, సోఫా అంచున కూర్చుంది.

"అన్నయ్యగారూ, దామూ కాల్ చేశాడు. ఎవరో లాండ్రీ మనిషి వాడి మీద కంప్లైంట్ రాయించిందిట. పన్లోంచి తీసేశారని కచ్చ. జూన్‌తో వాడి కాంట్రాక్ట్ అయిపోతుంది. ఆగస్టులో మేరేజ్. రూల్స్ దాటమని నేననను. కొంచెం చూస్తానని ఒక్కమాట అనండి, చాలు."

"చూస్తానమ్మా," అన్నాడు యోగానంద్.

భానుమతి కారు వెళ్ళిపోయేదాకా గుమ్మంలో నిలబడి, మీనాక్షి లోపలికి వచ్చింది.

"ఆ అమ్మాయి చెప్పింది నిజమేనంటారా?"

"ప్రొసీజర్ ప్రకారం చూడాలి."

"నేనడిగింది ప్రొసీజర్ కాదండీ."

అతను తుడిచిన కారే మళ్ళీ తుడవడానికి బయటికి వెళ్ళాడు.

పాము చావకుండా కర్ర విరగకుండా పని జరగాలంటే రూల్స్ పుస్తకం ఉండనే ఉంది. సోమవారం అతను దాన్ని తిరగేశాడు. 'ఫిర్యాదు చేసేవారు దానిపై సంతకం చేయవలెను' అని ఒక చోట ఉంది. వేలిముద్ర సంగతి దాంట్లో ఎక్కడా లేదు. చెల్లుతుందనీ లేదు, చెల్లదనీ లేదు. అంతకుముందు వేలిముద్రతో ఎన్నో కాగితాలు వచ్చాయి. యోగానంద్ వాటిని తీసుకున్నాడు. ఎందుకు తీసుకోడు? అతని తండ్రి తణుకులో రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో కూర్చుని దస్తావేజులు రాసినవాడు. ఆ వరండాలో చదువురాని ముసలమ్మల బొటనవేళ్ళు పట్టుకుని సిరా దిండు మీద అద్దించి, అతన్ని చదివించాడు. "సంతకం ఎవడైనా దించేస్తాడురా. ఇది మాత్రం ఆ మనిషి వేస్తేనే పడుతుంది," అనేవాడు ఆయన.

ఆ తండ్రి కొడుకు ఇలా రాశాడు: 'సంతకం లేనందున ఈ ఫిర్యాదును స్వీకరించడం సాధ్యం కాదు. వేలిముద్ర సంతకంతో సమానం కాదు. సంతకం చేయించి తిరిగి పంపవలెను.' హాల్వర్‌సన్ చదివి సంతకం పెట్టాడు. కాగితం వెళ్ళి, మనిషిని పట్టుకుని, తిరిగి వచ్చేసరికి జూన్ దాటుతుందని యోగానంద్‌కి తెలుసు. అది లెక్కవేసే రాశాడు. కంచే చేను మేసింది, అదీ రూల్ ప్రకారం.

జూన్ చివర దామోదర్ కాంట్రాక్ట్ ముగిసింది. 'ఇతనిపై క్రమశిక్షణ చర్యలేవీ పెండింగ్‌లో లేవు' అన్న పత్రం మీద యోగానంద్ సంతకం చేశాడు. ఆగస్టులో పిట్స్‌బర్గ్ గుడిలో పెళ్ళి. మీనాక్షి తలనొప్పి అని రాలేదు. అతనొక్కడే వెళ్ళి అక్షింతలు వేశాడు. దామోదర్ వంగి కాళ్ళకు దండం పెట్టి, పైకి లేస్తూ, "మీ హెల్ప్ లైఫ్‌లో మర్చిపోను అన్నయ్యగారూ," అన్నాడు. పక్కన పెళ్ళికూతురు కూడా నవ్వుతూ దండం పెట్టింది. ఆ పిల్ల మొహంలోకి చూడలేక యోగానంద్ చెప్పులు వెతుక్కునే నెపంతో బయటికి వచ్చేశాడు.

సెప్టెంబరులో కాగితం తిరిగి వచ్చింది.

పైన మిషన్ గుమాస్తా రాసిన చిన్న ఉత్తరం. 'మీరు కోరినట్టు సంతకం చేయించి పంపుతున్నాము. ఫిర్యాదుదారుకు రాయడం రాదు. ఆమె చర్చి బడిలో చిన్నపిల్లలతో కూర్చుని పదకొండు వారాలు నేర్చుకున్నందువల్ల ఆలస్యమైనది. మన్నించగలరు.'

యోగానంద్ పేజీ తిప్పాడు. అదే ఫిర్యాదు. దేవుడి బొమ్మ వాక్యం ఉన్న చోటే ఉంది. కింద పెద్దపెద్ద అక్షరాలతో, వంకరటింకరగా, ఎస్తేర్ తన పేరు రాసింది. ఒకచోట రాసి ఊరుకోలేదు. ఎక్కడ లేదని మళ్ళీ తిప్పి పంపుతారోనని ప్రతి పేజీ కిందా రాసింది, మార్జిన్లలో రాసింది, ఆఖరి పేజీ వెనక కూడా రాసింది. పక్కనే, ఎందుకైనా మంచిదని కాబోలు, వేలిముద్ర కూడా వేసింది. అతను తొమ్మిది సంతకాల వరకు చూసి ఆపేశాడు.  నలభై ఏడేళ్ళ వయసులో, కోటు వేసుకుని టై కట్టుకుని, తలుపు మూసిన గదిలో, ఎవరూ చూడకపోయినా తల ఎత్తలేకపోయాడు.

చివరికి కాగితం పట్టుకుని హాల్వర్‌సన్ దగ్గరికి వెళ్ళాడు. ఆయన చదివి, "పాపం," అన్నాడు. "కానీ అతనిప్పుడు మన ఉద్యోగి కాదు. మన చెయ్యి అతనికి అందదు. ఫిర్యాదు ముట్టిందని ఆమెకు మామూలు ఉత్తరం పంపించు." యోగానంద్ లేవబోతుంటే ఆపి, సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. "అన్నట్టు, మార్చిలో నువ్వు రాసిన నోట్ చాలా బాగుంది. వేలిముద్రల మీద ఇన్నాళ్ళూ స్పష్టత లేదు. అన్ని మిషన్లకూ సర్క్యులర్ పంపుతున్నాను. ఇకమీదట సంతకం లేని ఫిర్యాదులు తీసుకోవద్దని. నమూనాగా నీ నోట్ జతచేస్తున్నాను, నీ పేరుతోనే. ఒకసారి చూసి ఇవ్వు."

తిడితే బాగుండేది. మెచ్చుకున్నాడు.

ఆ సర్క్యులర్ యోగానంద్ బల్ల మీద రెండు రోజులుంది. తేలు కుట్టిన దొంగలా అతను దాని పక్కన కూర్చుని వేరే ఫైళ్ళు చూశాడు. అప్పటికి సంస్థకు ఏడు దేశాల్లో మిషన్లున్నాయి. ఏడు చోట్లా బట్టలుతికేవాళ్ళు, గదులు ఊడ్చేవాళ్ళు, వంటవాళ్ళు. వాళ్ళలో పేరు రాయడం వచ్చినవాళ్ళు ఎందరు? ఊరుకుంటే ఒక దామోదర్ కోసం ఆడిన అబద్ధం అందరు దామోదర్‌లకూ చట్టమవుతుంది. చెబితే ఉద్యోగానికి ముప్పు, భానుమతి మొహం చూడటానికి లేదు, ఆదివారాల మర్యాద పోతుంది. ఆ చివరిది అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టిందని గ్రహించినప్పుడు అతనికి తన మీద తనకే రోత కలిగింది.

మూడోరోజు ఉదయం వెళ్ళి హాల్వర్‌సన్ ఎదురుగా నిలబడ్డాడు.

"ఈ సర్క్యులర్ పంపకండి. ఆ నోట్ తప్పు. పొరపాటున రాసింది కాదు, తెలిసి రాశాను. అతను నాకు బాగా కావలసినవాళ్ళ తమ్ముడు. ఆమె చెప్పింది నిజమని కూడా నాకు తెలుసు."

హాల్వర్‌సన్ పెన్నుకి మూత పెట్టాడు. "కూర్చో," అని మాత్రం అనలేదు. "రాసి ఇవ్వు," అన్నాడు.

రాసి ఇచ్చాడు. సర్క్యులర్ ఆగిపోయింది. నెల తిరక్కుండా యోగానంద్‌ని కింది అంతస్తులో కార్ పార్కింగ్ పాసులిచ్చే సెక్షన్‌కి మార్చారు. ఉద్యోగం తీసెయ్యలేదు. ఇలాంటి సంగతి బయటికి రావడం ఎవరికీ ఇష్టం లేదు. అయినా సంగతి ఎలాగో చెవినపడి భానుమతి ఒక్కసారి ఫోన్ చేసింది. "మా వంట తిన్న చేత్తోనే రాశారా అన్నయ్యగారూ," అని పెట్టేసింది. ఆదివారాల పిలుపులు ఆగిపోయాయి. మీనాక్షి మాత్రం, అతను రాసి ఇచ్చిన రోజు రాత్రి, చాన్నాళ్ళకి అతనికి ఎదురుగా కూర్చుని అన్నం తింది. 

పాత గది ఖాళీ చేసే ముందు అతను ఎస్తేర్‌కి ఉత్తరం రాశాడు. మామూలు ఉత్తరం కాదు, సొంత దస్తూరితో రాశాడు. మీ వేలిముద్ర మొదటిసారే చెల్లవలసింది, చెల్లదన్నది నేను, నా పేరు యోగానంద్, నన్ను క్షమించమని అడిగే మొహం నాకు లేదు, అని రెండు పేజీలు. పంతులమ్మ చదివి వినిపించాలని పైన రాసి పంపించాడు. ఆ రోజు ట్రైన్‌లో ఇంటికి వెళుతూ, చాలా నెలల తర్వాత, ఛాతీ మీది బరువు కొంచెం దిగినట్టనిపించింది.

డిసెంబరులో జవాబు వచ్చింది. పంతులమ్మ దస్తూరి, నాలుగే వాక్యాలు. మీ ఉత్తరం ఎస్తేర్‌కి రెండుసార్లు చదివి వినిపించాను. తప్పు మీదేనని మీరు ఒప్పుకున్నారని ఆమెకు అర్థమైంది. అయితే ఆమె ఒక్కటే అడగమంటున్నది. పనిలోకి ఎప్పటినుంచి రమ్మంటారు?

యోగానంద్ ఆ ఉత్తరం పట్టుకుని తొమ్మిదో అంతస్తుకి వెళ్ళాడు. దానికి జవాబు హాల్వర్‌సన్ దగ్గర లేదు, మిషన్ విభాగంలోనూ లేదు. ఆ పనిలో ఇంకొకామెను ఏప్రిల్‌లోనే పెట్టుకున్నారు. తన రెండు పేజీల్లో ఎన్నిసార్లు 'నేను' అని రాసుకున్నాడో అతనికి గుర్తుంది. ఆమె పని గురించి ఒక్క ముక్క కూడా రాయలేదని అప్పుడు తెలిసింది. కిందికి వచ్చి తన కౌంటరు దగ్గర కూర్చున్నాడు. పార్కింగ్ పాసు కోసం నిలబడ్డ మనిషి, సంతకం ఎక్కడ పెట్టాలని రెండోసారి అడుగుతున్నాడు.